గురక జబ్బుకు జీవితాంతం చికిత్స: మిషన్, మాస్కు, నోటి పరికరం, ఆపరేషన్... ఏది ఎవరికి?

గురకతో పాటు నిద్రలో ఊపిరి మాటిమాటికి ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. దాని నిద్ర పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది మొదట అడిగేది "మిషన్ ఎన్ని నెలలు పెట్టుకోవాలి?" అని. పెట్టుకున్న రాత్రే అది పనిచేస్తుంది. సీప్యాప్ అనే ఈ మిషన్ గొంతును నయం చేయదు. నిద్రలో కండరాలు సడలి మూసుకుపోయే దారిని గాలి ఒత్తిడితో తెరిచి పట్టుకుంటుంది, అంతే. ఒక్క రాత్రి మానేసినా ఊపిరి మళ్లీ ఆగుతుంది. బీపీ గోలీలు, కళ్లద్దాలు ఎట్లనో ఇదీ అట్లనే. ఈ మాట ముందే జీర్ణించుకుంటే ఎంపిక తేలికవుతుంది. అన్నింట్లోకి గొప్పది ఏదని వెతకడం మానేసి, మన ఇంట్లో, మన కరెంటుతో, మన ముఖానికి పదేళ్లపాటు రోజూ ఏది పెట్టుకోగలమో చూస్తాం.

ఈ లెక్క ఒకసారి చూడండి. ఒకరికి గంటకు 40 సార్లు ఊపిరి ఆగుతోంది లేదా సన్నబడుతోంది అనుకుందాం. 8 గంటల నిద్రలో మొత్తం 320 సార్లు. సీప్యాప్ పెడితే అది గంటకు 3కు పడిపోతుంది. కానీ మాస్కును 4 గంటలకే పీకేస్తే ఆ రాత్రి మొత్తం 172. అదే మనిషి కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం పెట్టుకుంటే గంటకు 18 దాకానే తగ్గిందనుకోండి, కానీ 7 గంటలు నోట్లో ఉంచుకున్నాడు. మొత్తం 166. కాగితం మీద చాలా తక్కువ పనిచేసే పరికరం ఇక్కడ మిషన్‌తో సమానమైంది. ఇక ఆ మిషన్‌నే 7 గంటలు వాడితే? 61. అందుకే మిషన్ కొనడంతో పని అయిపోదు, దాన్ని తెల్లారేదాకా ముఖాన నిలుపుకోవడం మీదే అంతా ఆధారపడి ఉంది. ఇంకో సంగతి, కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. ఆ నిద్రలో కండరాలు మరీ సడలుతాయి కాబట్టి చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేది అప్పుడే. రాత్రి మూడింటికి మాస్కు తీసి పక్కన పెట్టేవాళ్లు సరిగ్గా ఆ గంటలనే వదులుకుంటున్నారు.

ముందు రిపోర్టు చదవండి

రిపోర్టులో నాలుగు విషయాలు చూడాలి. మొదటిది ఏహెచ్‌ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా సన్నబడింది అన్నది. కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. 5 నుంచి 15 లోపు తక్కువ తీవ్రత, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రెండోది రాత్రి ఆక్సిజన్ ఎంత కిందికి పడింది, 90 శాతం కన్నా తక్కువలో ఎంతసేపు ఉంది. మూడోది వెల్లకిలా పడుకున్నప్పటి ఏహెచ్‌ఐ, పక్కకు తిరిగినప్పటి ఏహెచ్‌ఐ విడివిడిగా ఎంతెంత. నాలుగోది గొంతు మూసుకుపోయి ఆగిందా, మెదడు నుంచి సంకేతం రాక ఆగిందా. రెండో రకాన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. అది ఎక్కువగా ఉంటే నోటి పరికరాలు, గొంతు ఆపరేషన్లు పనికిరావు. గుండె, మెదడు సంగతి డాక్టరు ముందుగా చూడాల్సి ఉంటుంది.

ఇంట్లో చేసే పరీక్షకు ఒక పరిమితి ఉంది. వాటిలో చాలా రకాలు నిద్రపోయిన గంటలను కొలవవు, తీగలు పెట్టుకున్న గంటలను లెక్కిస్తాయి. సగం రాత్రి మేలుకుని ఉన్న మనిషికి ఏహెచ్‌ఐ అసలు కన్నా తక్కువగా వస్తుంది. పగలంతా కునుకుపాట్లు, భార్య చూస్తుండగా ఊపిరి ఆగడం, లేవగానే తలనొప్పి ఉండి కూడా రిపోర్టు మామూలుగా వస్తే దాన్ని నమ్మి ఊరుకోవద్దు. ల్యాబ్‌లో పూర్తి పరీక్ష చేయించుకోవాలి.

మిషన్లలో తేడా

ఫిక్స్‌డ్ సీప్యాప్ రాత్రంతా ఒకే ఒత్తిడి ఇస్తుంది. ఆటో సీప్యాప్ డాక్టరు పెట్టిన హద్దుల మధ్య అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. రెండూ సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఇవ్వగలవు. గొంతు మూసుకుపోయే మామూలు ఆప్నియా ఉన్నవాళ్లకు మా సలహా ఆటోయే. జలుబు చేసినా, బరువు మారినా, వెల్లకిలా తిరిగినా అదే సర్దుకుంటుంది. ల్యాబ్‌లో ఒత్తిడి కొలిపించుకోవడానికి మాటిమాటికి హైదరాబాద్ పోవాల్సిన పని కూడా తప్పుతుంది. అయితే ఆటో కొని 4–20 అని ఫ్యాక్టరీ హద్దులతోనే వదిలేయడం పెద్ద తప్పు. 4 దగ్గర మొదలైతే చాలామందికి గాలి అందనట్టు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. రెండు మూడు వారాల డేటా చూసి డాక్టరు కింది హద్దును పెంచాలి, పై హద్దును బిగించాలి. ఆ పని చేయించుకోని మిషన్లే ఎక్కువగా బీరువా ఎక్కుతాయి.

బైప్యాప్ పీల్చేటప్పుడు ఒక ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి ఇంకా మంచిదని అనుకోవద్దు, అది వేరే అవసరానికి. బాగా లావుగా ఉండి పగలు కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్లకు, ఊపిరితిత్తుల జబ్బు కూడా తోడైనవాళ్లకు, 15 దాటిన ఒత్తిడిని తట్టుకోలేనివాళ్లకు అది పనికొస్తుంది. భూపాలపల్లి, గోదావరిఖని గనుల్లో ఏళ్లకేళ్లు దుమ్ము పీల్చిన వాళ్లు, బీడీలు తాగిన వాళ్లు మిషన్ ఎంచుకునే ముందు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించుకోవాలి. ఊపిరిని బట్టి ఒత్తిడిని మార్చుకుంటూ పోయే ఏఎస్‌వీ అనే మరో రకం మిషన్ ఉంది. గుండె పంపింగ్ శాతం 45 లేదా అంతకన్నా తక్కువగా ఉండి ప్రధానంగా సెంట్రల్ ఆప్నియా ఉన్నవాళ్లకు అది ప్రమాదకరమని 2015లో తేలింది. కాబట్టి డాక్టరు లేకుండా మిషన్ రకం మార్చొద్దు.

ఇక ఆక్సిజన్ కాన్సంట్రేటర్. కరోనా కాలంలో కొన్నది చాలా ఇళ్లలో మూలన ఉంది. రాత్రి అది పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. మూసుకున్న గొంతును అది తెరవదు. ఆక్సిజన్ నంబరు బాగా కనిపిస్తుంది కానీ ఊపిరి ఆగే సమయం ఇంకా పెరగొచ్చు, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చు. దాన్ని సీప్యాప్‌కు బదులుగా అస్సలు వాడొద్దు.

కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా ముందు మూడు ప్రశ్నలు అడగండి. రోజువారీ గంటలు, లీకు, మిషన్ పెట్టుకున్నా ఇంకా మిగిలిన ఏహెచ్‌ఐ కార్డులోనో ఫోన్‌లోనో చూపిస్తుందా? ఫిల్టర్లు, మాస్కు కుషన్ హన్మకొండలోనో కరీంనగర్‌లోనో దొరుకుతాయా, ప్రతిసారీ తెప్పించుకోవాలా? పాడైతే రిపేరు అయ్యేదాకా బదులు మిషన్ ఇస్తారా? మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి. రోజూ వాడే మిషన్ మూడు వారాలు రిపేరులో ఉంటే అలవాటు కూడా తప్పిపోతుంది.

కొనే ముందు ఒక నెల అద్దెకు తీసుకోవడం తెలివైన పని. ఖర్చును నెలల్లో కాకుండా ఏళ్లలో వేయండి. ఉదాహరణకు 45 వేల మిషన్ 5 ఏళ్లు నడిస్తే ఏడాదికి 9 వేలు. మాస్కు, కుషన్లకు ఏడాదికి 6 వేలు, ఫిల్టర్లు, నీళ్లు, ట్యూబుకు 2 వేలు అనుకుంటే మొత్తం 17 వేలు, అంటే రాత్రికి సుమారు 47 రూపాయలు. మొదటి రోజే ఉన్న డబ్బంతా మిషన్‌కు పెట్టేసి, ఏడాది తిరిగాక గట్టిపడి లీకయ్యే పాత కుషన్‌తో నెట్టుకొచ్చేవాళ్లు ఎక్కువ. ఆ పని చేయొద్దు. తక్కువ ధర మిషన్, సమయానికి మార్చే మాస్కు ఉన్న మనిషే బాగా నిద్రపోతాడు.

పాత మిషన్ ఎవరైనా ఇస్తామంటే నంబరు చూడండి. ఫిలిప్స్ 2021 జూన్‌లో లోపలి ఫోము (స్పాంజి) పొర పొడిపొడిగా రాలే ప్రమాదం ఉందని తన సీప్యాప్, బైప్యాప్ మిషన్లు లక్షల్లో వెనక్కి పిలిచింది. ఆ వరుసలోని మిషన్ అయితే, సరిచేసినట్టు ఆధారం లేకుండా తీసుకోవద్దు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు ఆ ఫోమును ఇంకా త్వరగా పాడుచేస్తాయి. అసలు ఏ మిషన్‌కూ వాటి అవసరం లేదు.

మాస్కు: అసలు ఎంపిక ఇదే

మిషన్ ఎంత మంచిదైనా ముఖానికి తగిలేది మాస్కే. మూడు రకాలున్నాయి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే పిల్లో మాస్కు, ముక్కును కప్పే నేజల్ మాస్కు, ముక్కు నోరు రెండింటినీ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు. దుకాణంలో ఎక్కువగా ఫుల్ ఫేస్ చేతిలో పెడతారు, "నోరు తెరిచినా పర్వాలేదు" అని. నిజానికి మొదట ప్రయత్నించాల్సింది ముక్కు మాస్కు. ఫుల్ ఫేస్‌కు తరచుగా ఎక్కువ ఒత్తిడి కావాలి, లీకయ్యే అంచు పొడవు, దవడను వెనక్కి నొక్కుతుంది కూడా. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండేవాళ్లకు, ముక్కు మాస్కుతో నోటి నుంచి గాలి పోవడం ఎంతకూ ఆగనివాళ్లకు మాత్రమే అది మొదటి ఎంపిక.

మన దగ్గర వచ్చే ఇబ్బందులు కొన్ని వేరే. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లకు నేజల్ మాస్కు కుషన్ సరిగ్గా దాని మీద ఆనుతుంది. గాలి లీకవుతుంది, పుండు పడుతుంది. రాత్రిపూట పుడక తీయడం ఇష్టంలేకపోతే ముక్కు కింది నుంచి ఆనే రకం చూడాలి. గుబురు మీసాలు, గడ్డం ఉన్నవాళ్లకు పిల్లో మాస్కు నయం. కట్టుడు పళ్లు తీసి పడుకునే పెద్దవాళ్లకు బుగ్గలు లోపలికి పోయి ఫుల్ ఫేస్ మాస్కు పక్కల నుంచి లీకవుతుంది. పళ్లు తీసిన తర్వాతే కొలత తీయించండి, లేదా ముక్కు మాస్కుకు పోండి. రాత్రి తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఉంటే పట్టీలు జారతాయి, ఎలాస్టిక్ తొందరగా సాగిపోతుంది. నూనె పొద్దున తలస్నానానికి ముందు పెట్టుకోండి. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని పొడిగా తుడుచుకుంటే కుషన్ పట్టు నిలుస్తుంది.

కొలత చూసే పద్ధతి: కుర్చీలో కూర్చుని కాదు, మంచం మీద పడుకుని, మీకు అవసరమైన ఒత్తిడి దగ్గర మిషన్ ఆన్ చేసి చూడాలి. మాస్కును ముందుకు కొద్దిగా లాగి వదిలితే కుషన్‌లో గాలి నిండి సర్దుకుంటుంది. తర్వాత పట్టీలు బిగించాలి, కుడి ఎడమ సమానంగా, లీకు ఆగేంత వరకే. అటు ఇటు పక్కలకు తిరిగి మళ్లీ చూడాలి. లీకైతే ఇంకా ఇంకా బిగించడం అందరూ చేసే పని. దాంతో కుషన్ ముడతపడి లీకు పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. గాలి కళ్లలోకి కొడుతుంటే సైజు పెద్దదైనా అయ్యుండాలి, నుదుటి పట్టీ అయినా వదులుగా ఉండాలి. మాస్కుకు ముందు ఉండే చిన్న రంధ్రాల నుంచి సన్నగా గాలి పోవడం లీకు కాదు. మీరు వదిలిన గాలి బయటికి పోయే దారి అది. దానికి ప్లాస్టర్ వేయడం, చలికాలంలో దుప్పటి ముసుగుతన్ని దాన్ని కప్పేయడం ప్రమాదం.

కరెంటు, దుమ్ము, నీళ్లు, ఎండ

నడి రాత్రి కరెంటు పోతే ఊపిరాడక చచ్చిపోతామన్న భయం చాలామందిని మిషన్ దగ్గరికే రానీయదు. ఫుల్ ఫేస్ మాస్కుల్లో గాలి ఆగగానే తెరుచుకునే కవాటం ఉంటుంది. ముక్కు మాస్కయితే నోరు తెరిచి పీల్చుకోవచ్చు. కరెంటు పోతే జరిగేది చికిత్స ఆగడం, మెలకువ రావడం. అంతకు మించి కాదు.

ఇన్వర్టర్ లెక్క ఇలా వేయండి. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ వేడి ఆపేస్తే చాలా మిషన్లు 30 వాట్ల లోపే తీసుకుంటాయి. వేడి పెడితే 60 దాకా, ట్యూబు వేడి కూడా ఉంటే ఇంకా పైకి పోతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ పేరుకు 1800 వాట్ అవర్లు. నష్టాలు, పాతబడటం తీసేస్తే 900 లెక్కలో పెట్టుకోండి. మామూలు ఫ్యాను ఒకటి 75 వాట్లు. మిషన్, ఒక ఫ్యాను కలిపి 105 వాట్లు, అంటే ఎనిమిదిన్నర గంటలు. రెండు ఫ్యాన్లు, ఒక లైటు, మిషన్ కలిస్తే 190 వాట్లు, ఐదు గంటలు కూడా దాటవు. కాబట్టి గాలివానలకు లైన్లు తెగే రోజుల్లో, అంటే మే నెలలో, వానకాలం మొదట్లో, పడుకునే ముందే హ్యుమిడిఫైయర్ ఆపేయండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి. స్క్వేర్ వేవ్ రకంతో అడాప్టర్ వేడెక్కడం, మిషన్ మోత పెట్టడం జరుగుతుంది. మోడ్ యూపీఎస్‌లో పెడితే మారేటప్పుడు మిషన్ ఆగిపోయే అవకాశం తగ్గుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు మిషన్ వోల్టేజికి సరిపోయే చిన్న లిథియం బ్యాటరీ కొనుక్కోవచ్చు. దాంట్లో 300 వాట్ అవర్లు ఉంటే వేడి లేకుండా ఒక రాత్రి గడుస్తుంది. మేడారం జాతరకు పోయి గుడారంలో ఉండేవాళ్లకు ఇదే దారి. విమానంలో మాత్రం 100 వాట్ అవర్లు దాటిన బ్యాటరీకి ముందే అనుమతి కావాలి, 160 దాటితే తీసుకెళ్లనివ్వరు. కాజీపేటలో రాత్రి రైలెక్కేవాళ్లు బోగీలోని ప్లగ్గును నమ్ముకోవద్దు. అది ఫోన్ల కోసం పెట్టింది, రాత్రిపూట దాని కరెంటు ఆపేసే రైళ్లున్నాయి.

దుమ్ము సంగతి. మిషన్ గదిలో గాలినే పీల్చి మీకిస్తుంది. పుస్తకంలో ఫిల్టరు ఇన్ని నెలలకు మార్చాలని ఉన్నా, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి వచ్చే రోజుల్లో, పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర, గ్రానైట్ క్వారీల వైపు, బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్కన రెండు వారాలకోసారి తీసి చూడాలి. బూడిద రంగులోకి తిరిగితే మార్చాలి. సన్నని తెల్ల ఫిల్టరును కడిగి మళ్లీ వాడొద్దు, తడిసిన పోగులు విడిపోతాయి. నల్ల స్పాంజి ఫిల్టరు మాత్రమే కడిగేది. అది పూర్తిగా ఆరాకే పెట్టాలి. దోమల కాయిల్, ఊదుబత్తి పొగను ఫిల్టరు ఆపలేదు. రాత్రంతా గొంతులోకి పోతుంది. దోమతెర వాడండి, ట్యూబు తెర కింది నుంచి వస్తుంది.

నీళ్లు: హ్యుమిడిఫైయర్‌లో మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోస్తే వారానికే గిన్నె అడుగున తెల్లటి పొర గడుతుంది. అట్లాంటి పొర వస్తే ఒక పాలు వెనిగర్, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి బాగా కడగాలి. బ్యాటరీ షాపులో క్యాన్లలో నింపి అమ్మే నీళ్లు పీల్చడం కోసం తయారైనవి కావు. ప్రయాణంలో గత్యంతరం లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు ఒకటి రెండు రాత్రులు పోయొచ్చు. మిగిలిన నీళ్లు రోజూ పొద్దున పారబోయాలి, గిన్నె ఆరబెట్టాలి.

అసలు హ్యుమిడిఫైయర్ అందరికీ అవసరమా? వానకాలంలో, కూలర్ నడిచే గదిలో చాలామందికి అక్కర్లేదు. ఏసీ గదిలో, చలికాలంలో పొద్దున నోరు పిడచగట్టి దూపతో లేస్తుంటే అవసరం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు జనవరి చలిలో ఇంకో సమస్య వస్తుంది. వెచ్చటి తేమ గాలి చల్లటి ట్యూబులో నీటి చుక్కలై ముఖాన పడుతుంది. తేమ ఒక మెట్టు తగ్గించి, ట్యూబుకు పాత శాలువా చుట్టి, మిషన్‌ను తల కన్నా కిందుగా పెడితే ఆగిపోతుంది. ఎండాకాలంలో రామగుండం లాంటి చోట్ల గది వేడి 35 డిగ్రీలు దాటితే చాలా మిషన్ల హద్దు దాటినట్టే. మిషన్‌ను కిటికీ గోడకు దూరంగా, కూలర్ తుంపరలు పడని చోట పెట్టండి. అయ్యప్ప మాల వేసుకుని నేల మీద పడుకునేవాళ్లు మిషన్‌ను నేరుగా నేల మీద పెట్టొద్దు, అడుగు దుమ్మంతా లాగుతుంది. చిన్న పీట వేసి, దానిపై ఖాళీ గిన్నెతో, తేమ లేకుండా నడపండి. నీళ్లున్న మిషన్ తల కన్నా ఎత్తులో ఉంటే నీళ్లు ట్యూబులోకి దిగొచ్చు.

మాస్కు కుషన్‌ను రోజూ పొద్దున గోరువెచ్చటి నీళ్లు, తేలికపాటి సబ్బుతో కడగాలి. ట్యూబు, పట్టీలు వారానికోసారి. నీడలో ఆరబెట్టాలి. డెటాల్, స్పిరిట్, మరిగే నీళ్లు, ఎండ, నాలుగూ సిలికాన్‌ను పాడుచేస్తాయి.

మిషన్ కాని దారులు

నోటి పరికరం కింది దవడను ముందుకు పట్టి ఉంచి నాలుక వెనక దారి తెరుస్తుంది. తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్నవాళ్లకు, లావు ఎక్కువ లేనివాళ్లకు, మిషన్‌ను నిజంగా ప్రయత్నించి తట్టుకోలేకపోయినవాళ్లకు ఇది గౌరవంగా ఎంచుకోదగిన దారి. సగటున ఏహెచ్‌ఐని సగానికి తగ్గిస్తుంది. కొందరికి పూర్తిగా తగ్గుతుంది, కొందరికి ఏమాత్రం తగ్గదు. పెట్టుకుంటే తప్ప ముందుగా చెప్పలేం. అందుకే పరికరం నోట్లో ఉండగా మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి. గురక తగ్గిందని ఇంట్లోవాళ్లు అన్నంత మాత్రాన సరిపోదు, చప్పుడు లేకుండా కూడా ఊపిరి ఆగుతుంది. దంతవైద్యులు పళ్ల అచ్చు తీసి చేసి, కొద్దికొద్దిగా ముందుకు జరిపే రకమే తీసుకోవాలి. వేడి నీళ్లలో ముంచి కొరికే ఆన్‌లైన్ రకాలు పట్టు నిలవవు. పైన కింద గట్టి పళ్లు తగినన్ని ఉండాలి. పళ్లు కదులుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ముందు ఆ వైద్యం చేయించాలి. గుట్కా, జర్దా వల్ల నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్లకు ఇది కుదరదు. కొన్నేళ్లలో పళ్ల కొరుకు కొద్దిగా మారుతుంది, ఆ సంగతి తెలిసే ఒప్పుకోవాలి.

వెల్లకిలా పడుకున్నప్పటి ఏహెచ్‌ఐ పక్కకు తిరిగినప్పటి దానికన్నా రెట్టింపు లేదా ఇంకా ఎక్కువ ఉండి, పక్కకు ఉన్నప్పుడు 5 లోపు ఉంటే, పక్కకు పడుకోవడమే చికిత్స కావచ్చు. వీపుకు మెత్తటి బంతి కుట్టిన బనీను, చిన్న బ్యాగు పనిచేస్తాయి. చిక్కల్లా ఆరు నెలల తర్వాత వాటిని వేసుకునేవాళ్లు తక్కువ కావడమే.

బరువు పదో వంతు తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. 40 ఉన్నవాళ్లకు 30కి వస్తుంది, అంటే జబ్బు పోదు, మిషన్ పని తేలికవుతుంది. టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్ల కోసం అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతించారు. 2025 నుంచి మన దేశంలోనూ ఆ మందు అమ్ముతున్నారు. మంచి మందే. కానీ ఆపితే బరువు తిరిగి రావడం మామూలు, కాబట్టి అదీ దీర్ఘకాలపు చికిత్సే. రాత్రి మిషన్ తప్పించుకుందామని వారానికో సూది ఎంచుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్షలో తగ్గినట్టు తేలేదాకా మిషన్ ఆపొద్దు.

ఆపరేషన్ల మీద ఆశ ఎక్కువ, "ఒక్కసారి కోయించుకుంటే పోతుంది కదా" అని. పిల్లల్లో టాన్సిల్స్, అడినాయిడ్లు పెద్దగా ఉంటే నిజంగానే ఆపరేషనే మొదటి దారి. పెద్దవాళ్లలో టాన్సిల్స్ చాలా పెద్దగా ఉంటే మేలు జరుగుతుంది. కొండనాలుక, అంగిలి కోసే ఆపరేషన్ మాత్రం చాలామందిలో గురకను తగ్గించి ఆప్నియాను మిగులుస్తుంది, పైగా నొప్పి ఎక్కువ. ముక్కు దూలం సరిచేసే ఆపరేషన్ ఆప్నియాను పోగొట్టదు, కానీ మాస్కును భరించగలిగేలా చేస్తుంది. ఆ ఉద్దేశంతో చేయించుకుంటే సరే. రెండు దవడలనూ ముందుకు జరిపే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, చాలా పెద్ద ఆపరేషన్ కూడా.

ఏ దారి పట్టినా రాత్రి తాగే మద్యం, నిద్రగోలీలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. తెలంగాణలో ఇంకో ముప్పు ఉంది. ఆల్ప్రజోలం, డైజిపామ్ కలిపిన కల్తీ కల్లు. నిద్రగోలీ మింగినట్టే అది పనిచేస్తుంది. ఏళ్లుగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టరుకు దాచకుండా చెప్పి మెల్లగా మానాలి.

మొదటి నెల

మొదటి మూడు రోజులు మిషన్ లేకుండా మాస్కు ఒక్కటే పెట్టుకుని సాయంత్రం అరగంట టీవీ చూడండి. తర్వాతి మూడు రోజులు గాలి ఆన్ చేసి కూర్చోండి. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకు, ఆ పైన రాత్రి. ఒక్కసారే రాత్రికి పోతే మాస్కంటే భయం పట్టుకుంటుంది, అది పోగొట్టడానికి నెలలు పడుతుంది. నిద్రలో తెలియకుండా మాస్కు పీకేస్తున్నారంటే మీ మనసు బలహీనమని కాదు. మొదలయ్యే ఒత్తిడి మరీ తక్కువగా ఉండొచ్చు, ముక్కు ఎండిపోతుండొచ్చు, లీకు ఉండొచ్చు. డేటాలో పీకిన సమయానికి ముందు ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది. పొద్దున కడుపు ఉబ్బి తేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నారు. తలవైపు ఎత్తు పెంచి, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి, ఒత్తిడి తగ్గించవచ్చేమో డాక్టరును అడగాలి. మెలకువ వచ్చి తీసేస్తే, నీళ్లు తాగి మళ్లీ పెట్టుకోవడమే నియమం. రాత్రికి 4 గంటలు, పదింట ఏడు రాత్రులు అన్నది లెక్కలు రాసుకునేవాళ్ల కనీస హద్దు. మీ లక్ష్యం నిద్ర మొత్తం.

సింగరేణిలో, మిల్లుల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఇది రాత్రి చికిత్స కాదు, నిద్ర చికిత్స. పగలు పడుకున్నా పెట్టుకోవాలి. హైదరాబాద్ రోడ్డు మీద లారీ, కారు నడిపేవాళ్లు చికిత్స కుదురుకుని పగటి మగత పోయేదాకా రాత్రి డ్రైవింగ్ మానాలి.

ఇంట్లో ఒకరికి మాస్కు బిగించడం, పట్టీ విప్పడం నేర్పండి. గురక ఆగాక పక్కన పడుకునేవాళ్లకు కూడా నిద్ర పడుతుంది, వాళ్ల సాయం తేలిగ్గా దొరుకుతుంది. పెళ్లిళ్లకు పోయినప్పుడు నలుగురి మధ్య పెట్టుకోవడానికి సిగ్గుపడి మూడు రాత్రులు మానేసేవాళ్లున్నారు. మేనమామ గుర్రు ఇల్లంతా వినడం కన్నా మిషన్ గాలి చప్పుడు ఎంతో తక్కువ. ప్లగ్గు దగ్గరున్న మంచం ముందే అడిగి పెట్టుకోండి.

మిగిలిన ఏహెచ్‌ఐ వారాల తరబడి 5 దాటితే, లీకు ఎర్ర గుర్తు చూపిస్తే, బరువు పదో వంతు పెరిగినా తగ్గినా కార్డు తీసుకుని డాక్టరు దగ్గరికి పోవాలి. ఏ ఆపరేషన్ కోసమైనా, కంటిదైనా మోకాలిదైనా, ఆసుపత్రిలో చేరేటప్పుడు మత్తు డాక్టరుకు ఆప్నియా సంగతి మొదటే చెప్పి, మీ మిషన్, మీ మాస్కు వెంట తీసుకుపోండి. మత్తు, నొప్పి మందుల ప్రభావం ఉన్న ఆ మొదటి రాత్రులే వాటి అవసరం ఎక్కువ.